పొడవు గిటార్‌లో పొట్టి తీగ పలుకు

ఎలక్ట్రిక్ గిటార్ నాదం గురించి నలుగురు మాట్లాడుకుంటే సంభాషణ చెక్క మీదికో, పికప్‌ల మీదికో, ఆంప్లిఫయర్ మీదికో వెళ్తుంది. తీగ పొడవు సంగతి ఆఖరున గానీ ఎవరికీ గుర్తు రాదు. 1960ల నాటి కొన్ని గిటార్లలో వినిపించే ఆ గుండ్రటి పలుకు, మీటగానే ఠప్పుమని పలికి త్వరగా అణిగిపోయే ఆ తీరు, చాలావరకు ఆ పొడవు నుంచే పుట్టింది. ఆ గిటార్ మన దగ్గర లేకపోయినా ఆ పలుకును మన చేతిలో ఉన్న పొడవైన గిటార్ నుంచే రాబట్టవచ్చు. కారణం తెలిస్తే దారి దానంతట అదే కనిపిస్తుంది.

పొట్టి గిటార్ల కుటుంబం

గిటార్ మెడ చివర ఉండే నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ మోగే పొడవునే స్కేల్ అంటారు. ఫెండర్ టెలికాస్టర్‌కూ స్ట్రాటోకాస్టర్‌కూ అది 25.5 అంగుళాలు. మన దుకాణాల్లో ఎక్కువగా దొరికే స్ట్రాటోకాస్టర్ తరహా గిటార్లదీ సాధారణంగా అదే కొలత. 1956లో ఫెండర్ సంస్థ నేర్చుకునేవాళ్ల కోసం, చిన్న చేతులవాళ్ల కోసం మ్యూజిక్‌మాస్టర్, డ్యుయో-సోనిక్ అనే రెండు గిటార్లు తెచ్చింది. వాటి స్కేల్ 22.5 అంగుళాలు. 1962లో వచ్చిన జాగ్వార్‌ది 24. 1964 నాటి మస్టాంగ్ 24లోనూ 22.5లోనూ దొరికేది.

పొట్టి స్కేల్ విద్యార్థుల కోసమే పుట్టిందనుకోనక్కర్లేదు. గిబ్సన్ సంస్థ 1955లో తెచ్చిన బర్డ్‌ల్యాండ్ స్కేల్ 23.5 అంగుళాలు. నాష్‌విల్‌లో పేరుపొందిన బిల్లీ బర్డ్, హ్యాంక్ గార్లండ్‌ల సూచనలతో అది తయారైంది, వాళ్లిద్దరి పేర్లూ కలిపే దానికి పెట్టారు. మెట్లు దగ్గర దగ్గరగా ఉంటే వేళ్లు చాచి పట్టాల్సిన కార్డ్‌లు సులువుగా అందుతాయి. జాన్ లెనన్ 1960లో హాంబర్గ్‌లో కొన్న రికెన్‌బ్యాకర్ 325 స్కేల్ ఇంకా చిన్నది, 20.75 అంగుళాలు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ అమెరికా టెలివిజన్‌లో తొలిసారి ప్రత్యక్షంగా కనిపించినప్పుడు అతని భుజాన ఉన్నది అదే. 1991లో నిర్వాణ బృందం విడియోలో కర్ట్ కొబేన్ చేతిలో మస్టాంగ్ కనిపించాక, విద్యార్థుల వాద్యంగా మూల పడిన గిటార్ల కోసం కొత్త తరం వెతకడం మొదలుపెట్టింది.

పొడవు తగ్గితే ఏం జరుగుతుంది

తీగ శ్రుతిని నిర్ణయించేవి మూడు: పొడవు, బిగువు, బరువు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు మెర్సెన్ ఈ మూడింటి సంబంధాన్ని సూత్రాలుగా చెప్పాడు. అదే తీగను అదే శ్రుతిలో ఉంచి పొడవు మాత్రం తగ్గిస్తే, బిగువు పొడవు వర్గానికి అనుపాతంలో తగ్గుతుంది. 25.5 నుంచి 24కు వస్తే పొడవులో తగ్గేది 6 శాతమే, బిగువులో తగ్గేది 11 శాతం. 10 గేజ్ మొదటి తీగ పొడవు గిటార్ మీద సుమారు 7.3 కిలోల బిగువుతో ఉంటే, జాగ్వార్ మీద 6.5 కిలోలకు దిగుతుంది. లెనన్ 325 మీద అదే తీగ కట్టి అదే శ్రుతి పెడితే బిగువు మూడో వంతు పోతుంది. అందుకే అంత చిన్న గిటార్‌కు లావు తీగలు కావాలి.

బిగువు తగ్గిన తీగ ప్రవర్తన మూడు విధాల మారుతుంది. మొదటిది, మీటినప్పుడు అది ఎక్కువ దూరం ఊగుతుంది, కాబట్టి మీటిన క్షణంలో మెత్తటి దెబ్బ వినిపిస్తుంది. రెండోది, తీగకు సహజంగా ఉండే బిరుసుదనం ప్రభావం పెరుగుతుంది. పై స్వరాంశాలు మూల స్వరానికి సరిగ్గా రెట్టింపు, మూడు రెట్లు కాకుండా కాస్త పైకి జరుగుతాయి. ఈ జరుగుడు పొడవు నాలుగో ఘాతానికి విలోమంగా మారుతుంది గనుక 24 అంగుళాల మీద పావు వంతుకు పైగా పెరుగుతుంది. గంట మోగినట్టుండే మెరుపు తగ్గి, కర్ర తట్టినట్టుండే పలుకు వచ్చేది ఇందువల్లే. మూడోది, పక్కకు లాగినప్పుడు స్వరం త్వరగా పైకి పోతుంది. వీణ మీద తీగ లాగి గమకం పలికించేవారి వేళ్లకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

కేపోయే కొలబద్ద

మెట్ల అమరికలో ఒక అందమైన లెక్క దాగి ఉంది. 25.5 అంగుళాల గిటార్‌లో మొదటి మెట్టు నుంచి బ్రిడ్జి దాకా ఉన్న దూరం 24.07 అంగుళాలు, దాదాపు జాగ్వార్, మస్టాంగ్‌ల స్కేలే. రెండో మెట్టు నుంచి 22.72 అంగుళాలు, డ్యుయో-సోనిక్‌కు దగ్గర. లెనన్ 325 మూడో, నాలుగో మెట్ల మధ్య పడుతుంది.

కాబట్టి మొదటి పని ఇది. ఆరు తీగలనూ ఒక అరస్వరం కిందికి దించి, మొదటి మెట్టు మీద కేపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు, పెట్టండి. శ్రుతి మామూలుగానే ఉంటుంది, పొడవు 24 అంగుళాలవుతుంది, బిగువు సరిగ్గా ఆ 11 శాతమే తగ్గుతుంది. డ్యుయో-సోనిక్ కావాలంటే రెండు అరస్వరాలు దించి రెండో మెట్టు మీద పెట్టాలి, బిగువు అయిదో వంతు తగ్గుతుంది. కేపోను మెట్టుకు ఆనుకునేలా, తీగ గరగరలాడకుండా ఉండటానికి సరిపడా ఒత్తిడితోనే బిగించాలి. గట్టిగా నొక్కితే స్వరాలు పైకి జరుగుతాయి.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. స్ట్రాటోకాస్టర్‌లో మెడ దగ్గరి పికప్ తీగ పొడవులో సుమారు నాలుగో వంతు దగ్గర ఉంటుంది. కేపో పెట్టగానే, మిగిలిన పొడవుతో పోలిస్తే అది తీగ మధ్యకు కొద్దిగా జరిగినట్టవుతుంది. మూల స్వరం బలం కాస్త పెరిగి, నాదం ఇంకొంచెం నిండుగా వస్తుంది.

తీగలే సగం పని

పొడవు ఒక్కటీ సరిచేసి ఇప్పటి సన్నటి తీగలు ఉంచితే 1960ల పలుకు రాదు. ఆ రోజుల్లో ఎలక్ట్రిక్ గిటార్‌కు లావు తీగలు కట్టడం మామూలు, మూడో తీగకు కూడా చుట్టు ఉండేది. చాలామంది వాడినవి ఫ్లాట్‌వౌండ్ తీగలు. వాటి పైచుట్టు గుండ్రటి తీగతో కాక చదునైన లోహపు పట్టీతో ఉంటుంది. ఉపరితలం నున్నగా ఉండటం వల్ల వేళ్లు జారే కీచు వినిపించదు, పైస్థాయి మెరుపు తగ్గుతుంది.

11 గేజ్ తీగలను 24 అంగుళాల మీద పెడితే వాటి బిగువు పొడవు గిటార్ మీది 10 గేజ్ కన్నా 7 శాతమే ఎక్కువ, చేతికి భారం అనిపించదు. 12 గేజ్ పెడితే పాతికకు పైగా శాతం పెరుగుతుంది. సర్ఫ్ సంగీతం, పాత కంట్రీ సంగీతం వాయించేవారికి అదే సరైన దారి. కొబేన్ తరహా సడలిన, ఊగే పలుకు కావాలనుకునేవారు 10 గేజ్ గుండ్రటి చుట్టు తీగలతోనే కేపో పద్ధతి పాటించవచ్చు. ఈ రెండూ పొట్టి స్కేల్ ముఖాలే. ఏది కావాలో ముందే నిర్ణయించుకుంటే డబ్బూ శ్రమా మిగులుతాయి.

అణచడం, మీటడం, తిప్పడం

జాగ్వార్ బ్రిడ్జి దగ్గర తీగలను కింది నుంచి తాకే స్పాంజి అమరిక ఉండేది. మనం బ్రిడ్జికి ముందు, తీగల కింద మెత్తటి స్పాంజి పట్టీ దూర్చితే అదే ఫలితం వస్తుంది. స్పాంజి తీగను తాకాలే తప్ప పైకి ఎత్తకూడదు. కుడి అరచేతి అంచుతో అణిచినా వస్తుంది గానీ, స్పాంజి ఉంటే ఆరు తీగలూ ఒకే తీరున అణుగుతాయి, చెయ్యి స్వేచ్ఛగా ఉంటుంది. మీటేటప్పుడు మందపాటి పిక్ తీసుకుని మెడ వైపు జరగాలి.

మస్టాంగ్ కోసం టోన్ మీటను సగం దాకా తగ్గిస్తే చాలు. జాగ్వార్‌లో 1 మెగోమ్ కంట్రోళ్లు ఉంటాయి, స్ట్రాటోకాస్టర్‌లోవి 250 కిలోఓమ్‌లు. అందుకే జాగ్వార్ పదునుగా పలుకుతుంది. దాన్ని అందుకోవాలంటే టోన్ పూర్తిగా తెరిచి ఆంప్లిఫయర్‌లో ట్రెబుల్ పెంచాలి, స్ప్రింగ్ రివర్బ్ కొద్దిగా కలపాలి.

గిటార్‌ను సిద్ధం చేయడం

ఉన్న తీగలతోనే శ్రుతి దించితే మొత్తం బిగువు తగ్గుతుంది. ట్రెమొలో ఉన్న స్ట్రాటోకాస్టర్‌లో వెనక స్ప్రింగులదే పైచేయి అయి బ్రిడ్జి కిందికి దిగుతుంది. స్ప్రింగులను పట్టే కొక్కెం మరలు కాస్త వదులు చేసి మళ్లీ సమతూకం తేవాలి. మెడ మరీ తిన్నగా అయితే ట్రస్ రాడ్ కొంచెం వదులు చేయాలి. లావు తీగలు నట్ గాడుల్లో ఇరుక్కుంటే గాడులు సరిచేయించాలి, గాడిలో ఇరుక్కున్న తీగ శ్రుతి నిలవదు. ఇంటొనేషన్ కేపోతోనే చూడాలి. మొదటి మెట్టు మీద కేపో ఉన్నప్పుడు అష్టకం వచ్చేది పదమూడో మెట్టు దగ్గర. అక్కడ హార్మోనిక్ స్వరం, నొక్కిన స్వరం ఒకటయ్యేదాకా శాడిల్ జరపాలి.

ఎక్కడ ఆగాలి

కొన్నిటిని ఈ దారిలో పట్టుకోలేం. జాగ్వార్‌లో బ్రిడ్జి వెనక పొడవుగా మిగిలే తీగ తనూ మోగి నాదంలో కలుస్తుంది. స్ట్రాటోకాస్టర్‌లో ఆ భాగం లేదు. మస్టాంగ్‌లో రెండు పికప్‌లను ఎదురు ఫేజ్‌లో కలిపితే పుట్టే సన్నటి, డొల్లగా ఉండే నాదం, స్ట్రాటోకాస్టర్ స్విచ్ మధ్య స్థానాల్లో వచ్చే నాదం ఒకటి కావు. ఆ స్థానాల్లో రెండు పికప్‌లూ ఒకే ఫేజ్‌లో ఉంటాయి. ఈ తేడాలు కావాలనుకున్న రోజున అసలు వాద్యాన్నే వెతుక్కోవాలి.

అయినా ముందు ఈ దారిలో నడవడం విలువైన పని. ఒక కేపో, ఒక జత తీగలు, ఒక స్పాంజి ముక్క: అయ్యే ఖర్చు ఇంతే. చేతికొచ్చేది మాత్రం అంతకన్నా పెద్దది, నాదంలో ఏ భాగం పొడవుది, ఏ భాగం తీగది, ఏ భాగం మీటే చేతిదో విడదీసి వినగల చెవి. ఆ చెవి ఉన్నవాడు గిటార్ కొనబోయినప్పుడు పేరుకు మోసపోడు, తనకు కావలసింది 24 అంగుళాలో, లావు తీగలో, మందపాటి పిక్కో స్పష్టంగా చెప్పగలడు. పాత గిటార్ల పట్ల గౌరవం వాటి ధరలో ఉండదు. అవి అలా ఎందుకు పలికాయో తెలుసుకుని, ఆ పలుకును మన వాద్యంలో నిలబెట్టడంలో ఉంటుంది.