ఇరవై దగ్గర ఆపు

కట్లపాము కరిస్తే ముందు వాలిపోయేవి కనురెప్పలు. తర్వాత మాట ముద్దవుతుంది, మింగుడు పడదు, ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. కిందటి వానాకాలంలో టెక్కలి అవతలి పల్లె నుంచి ఒకావిడ ఇలాగే వచ్చింది. రాత్రి నేల మీద పడుకుని ఉండగా కరిచింది. దారిలో ఒక ఆసుపత్రివాళ్లు నోట్లోంచి శ్వాసనాళంలోకి ట్యూబు వేసి, ప్లాస్టరు అంటించి, ఆంబూ బ్యాగు నొక్కుతూ 108లో పంపారు. ఆ ట్యూబే లేకపోతే ఆమె శ్రీకాకుళం చేరేది కాదు. చేరింది సరే, ఎడమ ఛాతీ లేవడం లేదు. రక్తంలో ఆక్సిజన్ శాచురేషన్ 86.

హౌస్ సర్జన్ కుర్రాడికి చెమటలు పట్టాయి. "సార్, ఎడమపక్క ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమో, సూది పెడదామా?"

"ఆగు బాబూ. ముందు ట్యూబు మీద పళ్ల దగ్గరున్న అంకె చదువు."

"ఇరవై నాలుగు సార్."

ఆమె అయిదడుగులు కూడా ఉండదు.

ట్యూబు వేయడాన్ని అందరూ గొప్ప విద్యగా చూస్తారు. స్వరతంత్రుల మధ్య నుంచి అది లోపలికి జారితే ఆపరేషన్ థియేటరంతా ఊపిరి పీల్చుకుంటుంది. ఎంత లోపలికి జారిందన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. పెద్దవాళ్ల శ్వాసనాళం పొడవే 10, 12 సెంటీమీటర్లు. ఆ కింద రెండుగా చీలుతుంది. కుడి కొమ్మ వెడల్పు, పైగా నిటారు. అందుకే లోతెక్కువైన ట్యూబు దాదాపు ఎప్పుడూ కుడికే పోతుంది. గాలంతా ఒక ఊపిరితిత్తికే వెళ్లి, రెండోది ముడుచుకుపోతుంది. భయపడి మరీ పైన ఆపితే ఇంకో తంటా: ట్యూబు కొస దగ్గరుండే గాలి బుడగ, అంటే కఫ్, స్వరతంత్రుల్లో ఇరుక్కుంటుంది, ఒక్క దగ్గుకు బయటికి వచ్చేస్తుంది. చీలికకు నాలుగు సెంటీమీటర్లు పైన కొస ఉంటే రెండు బాధలూ తప్పుతాయి.

దీనికో లెక్క ఉంది. పై పళ్ల దగ్గర ఆడవాళ్లకు 21, మగవాళ్లకు 23 సెంటీమీటర్లు అని 1987లో అమెరికాలో ఓవెన్, చీనీ అనే ఇద్దరు డాక్టర్లు రాశారు. నేనూ అదే బట్టీపట్టాను. మన వైపు పొట్టి మనుషుల మీద చేయి తిరిగాక, అది మొదలుపెట్టే చోటే గానీ ఆగే చోటు కాదని తెలిసింది.

నేను విజయనగరంలో పెరిగాను. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ పాఠం చెప్పిన ఊరు. మెట్లు లేని వయొలిన్ మీద వేలు ఎక్కడ ఆగాలో చెవే చెప్పాలని చిన్నప్పటి నుంచీ వింటూ వచ్చాను. అందుకేనేమో, స్టెతస్కోపు పెట్టి రెండు పక్కలా విని తేల్చేయగలనన్న ధీమా నాకు చాలాకాలం ఉండేది. వియన్నా డాక్టర్ల అధ్యయనం ఒకటి 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది. ట్యూబు ఒక పక్కకే పోయినప్పుడు, చెవినే నమ్ముకున్న కొత్త డాక్టర్లు వందకు 55 సార్లు పోల్చుకోలేకపోయారట. అంకె, ఛాతీ లేవడం, చెవి మూడూ కలిపి చూసినప్పుడు ఒక్కటీ తప్పిపోలేదు. ఒక పక్క శబ్దం ఛాతీ అంతటా పాకి చెవిని ఏమారుస్తుంది. సంగీతం సంగతి నాకు తెలియదు గానీ, మా పనిలో అంకె లేని చెవిని నమ్మను. వదిలే ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలిచే క్యాప్నోగ్రాఫ్ కూడా ట్యూబు శ్వాసనాళంలో ఉందనే చెబుతుంది, ఎంత లోతులో ఉందో చెప్పదు.

సరిగ్గా వేసిన ట్యూబు కూడా కదులుతుంది. గడ్డం ఛాతీ వైపు వంగితే కొస రెండు సెంటీమీటర్లు కిందికి దిగుతుంది, తల వెనక్కి వాలితే అంతే పైకి వస్తుంది. తల కింద దుప్పటి మడతపెట్టి అంబులెన్సులో గంటసేపు గతుకుల్లో తెస్తే ఏమవుతుందో మీరే ఊహించండి.

కఫ్‌లో గాలి తీసి, ట్యూబు మెల్లగా వెనక్కి లాగాం. "ఇరవై దగ్గర ఆపు" అన్నాను. ఆపి, కఫ్ నింపి, విని, చూశాం. ఎడమ ఛాతీ లేచింది. శాచురేషన్ 97కి ఎక్కింది. సూది అవసరమే పడలేదు. ఎక్స్‌రేలో కొస ఉండాల్సిన చోటే ఉంది.

మూడోరోజు ట్యూబు తీసేశాం. ఆమె గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "ఇరవై, ఇరవై అని అరిసినావు బాబూ. ఇరవై వేలు కట్టమంటున్నారేటో అని బయమేసింది" అంది. కట్లపాము విషం కండరాలనే పడగొడుతుంది, తెలివిని కాదు. కళ్లు తెరవలేక, వేలు కదపలేక పడుకుని ఆవిడ అన్నీ వింటూనే ఉంది. ఆ రోజు నుంచి ఇలాంటి రోగి మంచం పక్కన నేను గొంతు తగ్గించి మాట్లాడుతున్నాను.

ఆమెతో వచ్చిన రిఫరల్ చీటీలో మందుల పేర్లున్నాయి, కాటు వేసిన టైము ఉంది, ట్యూబు సైజు కూడా ఉంది. లోతు లేదు. అది రాసి ఉంటే, బయల్దేరినప్పుడే 24 దగ్గర ఉందో, దారిలో జారిందో మాకు తెలిసేది. పేషెంట్లను మా దగ్గరికి పంపే డాక్టర్లకు, 108 సిబ్బందికి నా మనవి: ప్లాస్టరు అంటించగానే పళ్ల దగ్గరి అంకె చీటీ మీద వేయండి. బండి ఎక్కించాక ఒకసారి, దించాక ఒకసారి అది మళ్లీ చదవండి.