ఇంగ్లీషు పరుగు, తెలుగు నడక

పీటర్ గిల్లివర్ అనే ఆయన ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీషు నిఘంటువు కోసం ఒకే ఒక్క క్రియ మీద తొమ్మిది నెలలు కూర్చున్నాడు. ఆ మాట ‘రన్’. పని ముగించి లెక్క చూస్తే, నామవాచకం సంగతి పక్కనపెట్టినా, క్రియగానే దానికి 645 అర్థాలు తేలాయి. ఇది 2011 నాటి ముచ్చట. అంతకుముందు చాలాకాలం ఆ పెద్దరికం ‘సెట్’ది. 1989లో 20 సంపుటాలుగా వచ్చిన రెండో కూర్పులో ‘సెట్’కి 430 పైచిలుకు అర్థాలు చూపించారు. ఆ ఒక్క మాట కింద రాసిందే 60,000 పదాలు, ఓ మోస్తరు నవలంత.

ఇలాంటి అంకెలు చూడగానే ‘అబ్బ, ఇంగ్లీషు ఎంత గొప్ప భాష’ అని ముక్కున వేలేసుకునేవాళ్ళున్నారు. ఏజెన్సీల నుంచి వచ్చే ఇంగ్లీషు కాపీని రాత్రిళ్ళు డెస్కు మీద తెలుగు చేస్తూ బతికిన నాకు మాత్రం ‘రన్’ దాదాపు ఖాళీ మాటలా కనిపిస్తుంది. పక్కన ఎవరు కూర్చుంటే వాళ్ళ రంగు పూసుకుంటుంది. ముక్కు కూర్చుంటే ఒక అర్థం, ముఖ్యమంత్రి కూర్చుంటే ఇంకో అర్థం.

అసలు అర్థాల్ని లెక్కపెట్టడమే ఒక చేతిపని. 1879లో ఆ నిఘంటువు సంపాదకత్వం చేపట్టిన జేమ్స్ మర్రే, ఇనుప రేకులతో షెడ్డు వేయించి లోపల గోడలకి గూళ్ళు పెట్టించాడు. చదివే అలవాటున్న జనం ఎక్కడెక్కడి నుంచో పోస్టులో చీటీలు పంపేవారు. చీటీకి ఒక మాట, అది వాడిన వాక్యం, ఏ పుస్తకం, ఏ సంవత్సరం. వాటిని అర్థాన్ని బట్టి కుప్పలు పెట్టాలి. కుప్పని ఎక్కడ విడగొట్టాలో, ఎక్కడ కలిపెయ్యాలో సంపాదకుడి ఇష్టం. నది పారడానికీ కన్నీళ్ళు కారడానికీ ఇంగ్లీషులో క్రియ ఒకటే. అవి రెండూ ఒక కుప్పా, రెండు కుప్పలా? ఉదారంగా ఆలోచించేవాడు ఒకటంటాడు, చాదస్తుడు రెండంటాడు. 645లో కొంత భాషది, కొంత చాదస్తానిది. నిఘంటువుకి చాదస్తుడే కావాలి లెండి. మర్రే 1915లో పోయాడు, పని 1928 దాకా సాగింది.

‘రన్’ ఇంతగా బలవడానికి యంత్రాల చెయ్యి కూడా ఉంది. గడియారం, మిల్లు, రైలు, మోటారు, చివరికి కంప్యూటరు, ఏది కొత్తగా వచ్చినా ఇంగ్లీషువాడు దానికో కొత్త క్రియ వెతుక్కోలేదు. ఉన్నదాన్నే తగిలించి ఊరుకున్నాడు.

మనకి అలా కుదరదు. ‘పరుగెత్తు’ అనాలంటే తెలుగువాడికి కాళ్ళు కనబడాలి. బంగారం ధర పరుగులు తీస్తుంది నిజమే, కానీ అది మా బోటివాళ్ళు పెట్టే శీర్షికల్లోనే. ఇంగ్లీషు పరుగెత్తించే చాలా వాటిని తెలుగు తాపీగా నడిపిస్తుంది. దుకాణం నడుస్తుంది, బడి నడుస్తుంది, ప్రభుత్వం నడుస్తుంది. కోర్టులో కేసు నడుస్తుంది, దానికి మాత్రం ఆ మాట అతికినట్టు సరిపోయింది. స్టేషన్లో మైకు ఫలానా రైలు రెండు గంటలు ఆలస్యంగా ‘నడుస్తున్నది’ అంటుంది. ఆ రైలేమో ఔటర్లో సిగ్నల్ కోసం నిలబడి ఉంటుంది. నడకా ఒప్పనిచోట ఒక్కోదానికి ఒక్కో క్రియ. ముక్కు కారుతుంది, కాలువ పారుతుంది, ఫ్యాను తిరుగుతుంది, నానబెడితే చీర రంగు దిగుతుంది. జబ్బులు వంశపారంపర్యంగా వచ్చే సందర్భంలోనూ ఇంగ్లీషుకి ‘రన్’ కావాలి. మన ఇళ్ళలో ‘షుగరు వాళ్ళ ఇంటా వంటా ఉంది’ అంటే అయిపోతుంది. నాకు భలే ఇష్టమైంది మాత్రం ‘ఆడు’. సినిమా ఆడుతుంది, మిల్లు ఆడుతుంది. వంద రోజులు ఆడిన బొమ్మా, సందు చివర పిండి ఆడించే మరా ఒకే క్రియ కింద సర్దుకున్నాయి.

కాబట్టి డెస్కు మీద ‘రన్’ ఎదురైనప్పుడు దాని మొహం చూడకూడదు, దాని కర్త ఎవరో చూడాలి. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఖాతాదారులు ఒక్కరోజే 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకోబోయారు. మర్నాటికి బ్యాంకు మూతపడింది. అక్కడి స్టార్టప్‌లలో మనవాళ్ళు బోలెడంతమంది కాబట్టి తెలుగు పత్రికలకీ అది మొదటిపేజీ వార్తే. ఇంగ్లీషు కాపీలో వరసకొక ‘బ్యాంక్ రన్’. కొత్తగా చేరిన అమ్మాయి ‘బ్యాంకు పరుగు’ అని కొట్టి తెచ్చింది.

“ఎవరు పరుగెత్తారమ్మా?”

“డిపాజిటర్లు సార్.”

“ఎక్కడికి?”

కాపీ మళ్ళీ చదువుకుంది. “ఎక్కడికీ పోలేదు సార్. ఇంట్లో కూర్చునే ఫోన్లలో లాగేశారు.”

2007లో బ్రిటన్‌లో నార్తర్న్ రాక్ బ్యాంకు ముందు జనం వీధి పొడుగునా బారులు తీరారు. అప్పుడు ‘ఎగబడ్డారు’ అని రాస్తే చెల్లింది. తోపులాటే లేని చోట ఎగబడటమేమిటి? చివరికి ఆ పిల్లే ‘పోటెత్తిన ఖాతాదారులు’ అని దిద్దుకొచ్చింది. పోటు సముద్రానిది, దానికి కాళ్ళూ అక్కర్లేదు, క్యూలూ అక్కర్లేదు. ఆ మాట నేను ముట్టుకోలేదు.

ఎన్నికల వార్తలు ఇంకో తమాషా. అమెరికాలో అభ్యర్థి పదవికి పరుగెత్తుతాడు, బ్రిటన్‌లో నిలబడతాడు. మన పల్లెలు ఈ విషయంలో బ్రిటన్ పక్షం: ‘ఈసారి సర్పంచికి ఎవరు నిలబడుతున్నారు?’ పత్రికలేమో పోటీ చేయిస్తాయి, బరిలోకి దింపుతాయి. 2024 జులైలో ట్రంప్ జేడీ వాన్స్‌ను ‘రన్నింగ్ మేట్’గా ప్రకటించినప్పుడు, ఆయన భార్య ఉషా చిలుకూరి మూలాలు పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరులో ఉండటంతో మన డెస్కులన్నీ ఆ రాత్రి హడావిడి పడ్డాయి. ‘రన్నింగ్ మేట్’ గుర్రప్పందేల నుంచి వచ్చిన మాట. ఒకే యజమాని గుర్రాల్లో గెలవాల్సినదానికి ఊపు ఇవ్వడానికి పక్కన పరుగెత్తించే తోడు గుర్రం. అదంతా తెలుగులో పట్టదు. ‘ఉపాధ్యక్ష అభ్యర్థి’ అని రాసి ముందుకు పోవడమే, గుర్రం పోయినా పాఠకుడికి నష్టం లేదు.

క్రికెట్ దగ్గర మాత్రం మనం ‘పరుగు’ అని నేరుగా దించుకున్నాం. బంతి బౌండరీ దాటితే బ్యాటరు నిలుచున్నచోటే నిలుచుని నాలుగు పరుగులు చేస్తాడు. ఆ వింత ఇంగ్లీషులోనూ అంతే ఉంది.

మరి మన నోళ్ళలో ‘రన్’ లేదా అంటే, ఉంది. క్రియగా అంత అవసరం పడలేదు గానీ, ‘రన్నింగ్’ని విశేషణంగా చేసుకుని ఇంటికి తెచ్చుకున్నాం. రన్నింగ్ బస్సు ఎక్కొద్దని కండక్టరు అరుస్తాడు. రోడ్డు కాంట్రాక్టరు రన్నింగ్ బిల్లు కోసం ఆఫీసు చుట్టూ తిరుగుతాడు. చీరలకొట్లో చీర విప్పి పరుస్తూ ‘రన్నింగ్ బ్లౌజా, కాంట్రాస్టా మేడమ్?’ అంటాడు. చీర గుడ్డే పొడిగించి, చివర కత్తిరించుకోమని వదిలిన జాకెట్టు ముక్క అది. ఈ ప్రయోగానికి చీటీ రాసి ఆక్స్‌ఫర్డ్‌కి పంపాలనిపిస్తుంది నాకు.

ఇంతకీ ‘రన్’కి దీటైనది మన దగ్గరేదంటే, ‘పెట్టు’, ‘కొట్టు’ గట్టి పోటీదారులే, కానీ నా ఓటు ‘పడు’కి. పైన మీరు గమనించే ఉంటారు, అది పిలవకుండానే వచ్చింది: మూతపడింది, ఎగబడ్డారు, నిలబడతాడు, హడావిడి పడ్డాయి. వాన పడుతుంది, వికెట్టు పడుతుంది, నిద్ర పడుతుంది, చొక్కాకి మడత పడుతుంది. జీతం పడితే సంతోషం, కేసు పడితే దుఃఖం. కొత్త చెప్పులు చూసి ‘ఎంత పడింది?’ అంటారు. కొందరికి వంకాయ పడదు. తోడికోడళ్ళకి ఒకరికొకరు పడదు. ఇక ‘భయపడు, కష్టపడు, రాజీపడు’ లాంటివి ఏరడం మొదలుపెడితే ఈ కాలమ్ చాలదు.

వీటిని తేదీలతో సహా కుప్పలు పెట్టాలంటే మన నిఘంటువులు కొంతదూరమే వస్తాయి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు కోశం 1852ది, శబ్దరత్నాకరం 1885ది. సూర్యరాయాంధ్రం మొదటి సంపుటం 1936లో వచ్చినా, అది ప్రధానంగా కావ్యాల వెంట పోయింది. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో తెచ్చిన వ్యవసాయ వృత్తి పదకోశం ఒక్కటి పొలాల్లోకి వెళ్ళి, రైతుల నోటి నుంచే మాటలు ఏరుకుంది. ‘పడు’ లాంటి మాటకి అలాంటి తిరుగుడే కావాలి, ఎందుకంటే దాని అసలు బతుకు బయటే ఉంది. బోరులో నీళ్ళు ‘పడ్డాయి’ అంటే కిందికి కాదు, పైకి వచ్చాయని. అనంతపురం జిల్లాలో బోరుబండి చుట్టూ మూగినవాళ్ళని ‘ఏమప్పా, పడ్డాయా?’ అంటే నీళ్ళ గురించే. అదే మాట బ్యాంకు మెట్ల మీద అంటే పీఎం కిసాన్ డబ్బుల గురించి, కౌంటింగ్ కేంద్రం బయట అంటే మన బూత్‌లో మనవాడి ఓట్ల గురించి.