పులికాట్‌లో రొయ్య నడిచే దారి

చెన్నై నుంచి 16వ నంబరు జాతీయ రహదారి మీద తడ, సూళ్లూరుపేట వైపు వచ్చేవాళ్లు టోల్‌గేటు వరుసనీ లారీల బారునీ తిట్టుకోవడం మామూలే. ఫ్లెమింగోలను చూపించడానికి ఒప్పుకున్న పడవ మనిషి తెల్లారినప్పటి నుంచీ ఒడ్డున కాచుకుని ఉంటాడు. కార్లు దిగేసరికి ఎండెక్కిపోతుంది. ఆ విసుగు న్యాయమైనదే. అయితే పులికాట్ సరస్సులో ఈ రోడ్డు కన్నా ఎంతో పాత రాకపోకల దారి మరొకటుంది. సముద్రానికీ సరస్సుకీ మధ్య రొయ్యా చేపా నడిచే దారి అది. ఇక్కడి జాలర్ల పనితనమంతా దాన్ని చదవడంలోనే ఉంది. కనుక ఈ సంప్రదాయాన్ని నిలబెట్టడమంటే వలలకు రాయితీ ఇవ్వడం కన్నా ముందు ఆ దారి తెరిచి ఉంచడం అని నా వాదన.

రొయ్య పుట్టేది సముద్రంలో. పిల్లగా ఉండగానే పోటు నీటితో సరస్సులోకి వస్తుంది. ఉప్పూ మంచినీరూ కలిసిన చోట కొన్ని నెలలు పెరిగి, గుడ్లు పెట్టే ఈడుకు మళ్లీ సముద్రం దారి పడుతుంది. ఆ తిరుగు ప్రయాణంలోనే దాన్ని పట్టాలి. సరస్సు సముద్రంతో కలిసే పళవేర్కాడు ముఖద్వారం దగ్గరి జాలర్లు ఒరవడికి అడ్డంగా గుంజలు పాతి వల కడతారు. ఆటు మొదలయ్యాక నీరే రొయ్యను మోసుకొచ్చి వల సంచిలో వేస్తుంది. అమావాస్యకూ పౌర్ణమికీ పోటుపాట్ల జోరు ఎక్కువ కాబట్టి ఆ రాత్రుల కోసం ఎదురుచూస్తారు. దీనికి ఇంజనూ డీజిలూ అక్కర్లేదు, ఒరవడి ఎక్కడ చీలుతుందో ఎరిగిన కన్ను కావాలి. అయితే అంత మంచి చోట్లు నాలుగే ఉంటాయి, వలలవాళ్లు చాలామంది. అందుకే పుట్టింది 'పాడు' పద్ధతి: ఈ రోజు ఈ చోట నీ వంతు, తర్వాత నాది. బలమున్నవాడు మంచి చోటును సొంతం చేసుకోకుండా ఊరి పెద్దలే వంతులు వేస్తారు. లోతు తక్కువ ఉన్నచోట కథ వేరు. సరస్సు సగటు లోతు సుమారు ఒక మీటరే. యానాది ఆడవాళ్లు ఆ నీళ్లలో కూర్చుని రెండు అరచేతులతో అడుగు బురదను తడుముతూ ముందుకు జరుగుతారు. బెదిరిన రొయ్య వెనక్కి ఎగురుతుందని తెలుసు కనుక ఒక చెయ్యి ముందే దాని వెనక కాపు కాస్తుంది. దొరికింది పళ్ల మధ్య కరిచిపట్టిన తాటాకు బుట్టలో పడుతుంది. వల కూడా లేని వేట!

ఈ పాడును మరీ పొగడొద్దనేవాళ్లున్నారు, వాళ్ల మాటలో నిజముంది. వంతు హక్కు కులంతో, ఊరితో ముడిపడింది. ఆడవాళ్లకు అందులో చోటు లేదు, ఆ బురదను అంతగా ఎరిగిన గిరిజనులకూ లేదు. దీన్ని దాచి సంప్రదాయమని మురిసిపోవడం మోసమే. కానీ తప్పు వంతులో లేదు, వంతు ఎవరికి దక్కాలో నిర్ణయించే తీరులో ఉంది. జాబితాను మార్చవచ్చు. వంతే తీసేస్తే మాత్రం పెట్టుబడి ఉన్నవాడి సన్నకన్ను వల మొదట దిగుతుంది, పిల్లరొయ్యను కూడా మిగల్చదు.

అసలు చిక్కు దారి మూసుకుపోవడం. శ్రీహరికోట నుంచి మొదటి రాకెట్ 1971 అక్టోబరు 9న ఎగిరింది. అక్కడి రాకెట్ ప్రయోగ కేంద్రం కోసం సూళ్లూరుపేట నుంచి వేసిన రోడ్డు సరస్సుకు అడ్డంగా కట్ట మీదుగా సాగి, నీటిని ఉత్తర దక్షిణాలుగా విడగొట్టింది. ఉత్తర భాగం ఎండాకాలంలో చాలామేర ఎండిపోయి బీటలు తీస్తుంది. ఇంకోవైపు కెరటాలు ఒడ్డు వెంబడి తెచ్చే ఇసుక రాయదొరువు లాంటి ముఖద్వారాలను పూడ్చేస్తోంది. రోడ్డు వద్దంటారా అని అడగొచ్చు. వద్దనడం లేదు. రాకెట్లకే కాదు, సరస్సు దీవుల్లోని రోగులకూ పిల్లలకూ అది కావాలి. అడిగేదల్లా మట్టికట్ట ఉన్నచోట నీరు ధారాళంగా పారేలా వంతెన కట్టమని. ముఖద్వారం తవ్విస్తే చాలదా అన్నది మరో ప్రశ్న. ఒకసారి తవ్వితే చాలదు; కార్తీక మాసపు వరద తగ్గాక ఇసుక మళ్లీ చేరుతుంది, అది ఏటా చేయాల్సిన పని. పూడికతీత టెండర్లలో లోతూ వెడల్పూ ఎలాగూ రాస్తారు. ఆటు ఏ పక్కకు కొడుతుందో గుంజలు పాతేవాళ్లను అడిగి తవ్వాలని మరో షరతు చేర్చడానికి పెద్ద ఖర్చేమీ కాదు.