ఏటికొప్పాక లక్కపిడతలు: సూక్ష్మరూపంలో వంటింటి చరిత్ర

నర్సీపట్నం ఉన్న అనకాపల్లి జిల్లాలోనే, వరాహనది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడి అంకుడుకర్ర బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. పరిశీలకుల దృష్టి సాధారణంగా దేవతామూర్తులపై నిలుస్తుంది. కానీ ఈ కళలోని చారిత్రక స్మృతి లక్కపిడతల్లోనే గాఢం. తిరగలి, రోలు, పొయ్యి, కుండ వంటి, వాడుక తప్పుతున్న వంటింటి సామగ్రి అరచేతిలో ఇమిడే పరిమాణంలో నిలిచింది. మెక్సికోలోని త్లాతిల్కో సమాధుల్లో దొరికిన చిన్న మట్టిబొమ్మలు ఆనాటి కేశాలంకరణను చూపుతాయి గాని, వాటిని మలచినవారి మాట మనకు చేరలేదు. ఇక్కడ బొమ్మతో పాటు దాని పేరు, పనితనం కూడా సజీవం. చింతలపాటి వెంకటపతిరాజు (పద్మశ్రీ, 2023) కృషితో సహజవర్ణాలు తిరిగి వచ్చాయి. పిల్లల ఆట మాత్రం అంతగా రాలేదు. ఆడి అరగదీయవలసిన పిడత అద్దాల బీరువా చేరింది. అంకుడుకర్ర కొరతకన్నా ఈ స్థానభ్రంశమే దాని అర్థాన్ని ఎక్కువగా మార్చింది.