బందరు వీధుల్లో కెమెరా నడక

వీధి ఫొటోగ్రఫీకి ముందు కావలసింది నడిచే ఓపిక, మనుషుల మీద ప్రేమ. కెమెరా ఆ తర్వాతే. బందరులో ఆ పనిని ఇష్టంగా చేసేవాళ్లంటే నాకెంతో గౌరవం.

తెల్లవారగానే గిలకలదిండి హార్బరుకు వెళ్తారు. చేపల గంపలు దిగేవేళ ఎండ ఏటవాలుగా పడి ముఖాల మీద ప్రతి గీతా కనిపిస్తుంది. పొద్దెక్కాక కోనేరు సెంటరు దాటి ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట సందుల్లోకి నడుస్తారు. ఇంగ్లీషు, వలంద (డచ్చి), పరాసు (ఫ్రెంచి) వర్తకులు పోటీపడ్డ రేవుపట్నం ఆ పేర్లలో ఇంకా బతికే ఉంది. చిలకలపూడిలో రోల్డుగోల్డు నగలకు మెరుగుపెట్టే వేళ్లు, పెడనలో కరక్కాయ పట్టించిన గుడ్డ మీద టేకు అచ్చు దించే చెయ్యి... ఆ చెయ్యి లేచి దిగే మధ్య క్షణం కోసం ఎంతసేపైనా నిలబడతారు.

మంచి ఫొటోగ్రాఫరు "ఫొటో తీసుకోమంటారా అమ్మా?" అని అడుగుతారు. వద్దంటే కెమెరా దించేస్తారు. ఆ మర్యాదే ఈ విద్యకు పునాది.

ఈ ఫొటోలకు మరో విలువ కూడా ఉంది. 1977 నవంబరు 19 ఉప్పెన ఈ తీరంలోని దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఊళ్లే కొట్టుకుపోయినచోట గోడమీది పటాలు మిగలవు. అలాంటి తీరంలో మామూలు రోజును, మామూలు మనిషిని భద్రపరచడం ఊరికి చేసే సేవ. ఈ ఫొటోలను అచ్చువేసి, అవి తీసిన వీధుల్లోనే ప్రదర్శించాలి.