వన్యమృగ సంరక్షణలో శీతలీకృత వీర్యం – ఒక విమర్శ

విజయవాడ వన్ టౌనులో తెల్లవారి కాఫీకి కాగే పాలు డెల్టా గ్రామాల గేదెలవి. ఆ గేదెలలో అనేకం దున్నపోతు ముఖం చూడకుండానే చూలు కట్టినవి. గేదె ఎదకు వచ్చినదని రైతు కబురు పంపగానే గోపాలమిత్ర వస్తాడు. ద్రవ నత్రజని క్యానునుండి సన్నని గొట్టం తీసి, వెచ్చని నీటిలో కరిగించి, తన పని ముగించి వెళ్తాడు. ఊరి వాడుకలో దీనికి ‘సూది’ అని పేరు. ఇందులో సూది లేకపోయినా సరే.

పాడిపశువులలో ఇంత తేలికైన పని అంతరించిపోతున్న అడవి జంతువులనూ కాపాడగలదనే ఆశ సహజం. ఆ ఆశకు మన ప్రాంతంలో ఆధారం హైదరాబాదులోని లాకోన్స్ ప్రయోగశాల. ఇది సి.సి.ఎం.బి. సంస్థలో ఒక భాగం. అక్కడ కృత్రిమ గర్భోత్పత్తి ద్వారా 2006లో చుక్కల దుప్పి పిల్ల, 2007లో కృష్ణజింక పిల్ల పుట్టినవి. 2018లో వన్యప్రాణుల జన్యువనరుల బ్యాంకు ప్రారంభమైనది. ఇటువంటి బ్యాంకులను నోవా నావతో పోల్చడం పరిపాటి. ఆ పోలిక ఎంతవరకు నిలుస్తుందో పరీక్షించవలసి ఉన్నది.

మొదట విధానం. శుక్రకణంలో నీరు ఉంటుంది. దానిని ఊరకే గడ్డ కట్టిస్తే మంచు స్ఫటికాలు కణపు పొరను చీల్చివేస్తాయి. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రజ్ఞులు, గ్లిజరిన్ కలిపితే కోడిపుంజు శుక్రకణాలు ఈ గండం గడిచి బ్రతుకుతాయని చూపినారు. ఆ తరువాత మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వీర్యం ఏండ్లతరబడి నిలువ ఉండడం సాధ్యమైనది. కాని గ్లిజరిన్ పాలు ఎంత, చల్లబరచే వేగం ఎంత అన్నవి ఒక్కొక్క జాతికి ఒక్కొక్క విధం. ఆబోతుకు కుదిరిన కొలత దుప్పికి కుదరదు, దుప్పికి కుదిరినది పులికి కుదరదు.

అంతకంటె పెద్ద చిక్కు మరొకటి ఉన్నది. ఆబోతు మనిషికి అలవాటు పడినది. వీర్యం సేకరించడానికి కృత్రిమ యోని చాలు. అడవి మృగానికి మత్తు ఇచ్చి, విద్యుత్ప్రేరణతో సేకరించాలి. దుప్పి కొమ్ములపై మెత్తని తోలు ఉన్న కాలంలో వీర్యం నాసిగా ఉంటుంది. ఇక ఆడజంతువు ఎదకు వచ్చినదని చెప్పడానికి అడవిలో రైతు లేడు. హార్మోనులను పేడలో కొలిచి తెలుసుకోవలెను.

అందుచేత ఆ రెండు పిల్లల పుట్టుక మెచ్చదగిన పనే. అయితే చుక్కల దుప్పిగాని, కృష్ణజింకగాని అంతరించే దశలో ఉన్న జాతులు కావు. ఆ జననాలు పద్ధతి పనిచేస్తుందనడానికి సాక్ష్యం. జాతిని కాపాడినందుకు సాక్ష్యం కావు. ఈ తేడాను పాఠం చెప్పే ఉపాధ్యాయుడు మరుగుపరచరాదు. ఇదే సంస్థ జంతుప్రదర్శనశాలతో, అటవీశాఖతో కలిసి మూషిక జింకలను పెంచి, 2017లో అమ్రాబాదు అడవిలో విడిచిపెట్టినది. ఆ విజయం గడ్డకట్టించిన వీర్యంతో రాలేదు. మగ, ఆడ జంతువులను జతకూర్చి, శ్రద్ధగా పెంచినందువల్ల వచ్చినది.

అట్లని క్యానును తీసిపారవేయరాదు. అమెరికాలోని నల్లకాళ్ల ఫెరెట్లు దాదాపు అన్నీ ఏడు జంతువుల సంతతి. అటువంటి జాతిలో రక్తసంబంధాలు దగ్గరై జన్యువైవిధ్యం సన్నగిల్లుతుంది. పది ఇరవై ఏండ్ల క్రిందట చనిపోయిన మగవాటి వీర్యంతో అక్కడ పిల్లలను పుట్టించి, పోయిన జన్యువులను కొన్ని తిరిగి చేర్చినారు. అక్కడ గర్భం మోయగల ఆడవి ఉన్నవి గనుక అది చెల్లినది. ఉత్తర తెల్ల ఖడ్గమృగానికి ఆ వీలు లేకపోయినది. కెన్యాలో సుడాన్ అనే చివరి మగది 2018లో చనిపోయేనాటికి మిగిలిన రెండు ఆడవి గర్భం మోయలేనివి. వీర్యం ఉన్నా, పరీక్షనాళికలో పిండాలను తయారుచేసి వేరొక ఉపజాతి ఆడదాని గర్భాన్ని ఆశ్రయించవలసి వచ్చినది.

కృష్ణా డెల్టాకు సొంత ఉదాహరణ బావురుపిల్లి. నాగాయలంక వైపు మడ అడవులలో చేపలు పట్టి బ్రతికే ఈ జంతువుకు రొయ్యల చెరువులు చోటు తగ్గించినవి. దాని వీర్యం దాచినంతమాత్రాన మడచెట్టు మొలవదు. అయినా రోడ్డుమీద వాహనం క్రింద పడి చచ్చిన మగ బావురుపిల్లి వృషణాలనుండి కొద్ది గంటలలోగా బ్రతికి ఉన్న శుక్రకణాలను తీయవచ్చును. ఆ గంటలలో హైదరాబాదు చేరడం కష్టం. గన్నవరంలో పశువైద్య కళాశాల ఉన్నది. నత్రజని క్యాన్లు డెల్టా ఊళ్లలో తిరుగుతూనే ఉన్నవి. బ్యాంకును గురించి మాట్లాడేవారు ముందుగా ఆలోచించవలసినది, నాగాయలంకలో చచ్చిన పిల్లిని గన్నవరందాకా ఎవరు, ఎంతసేపటిలో చేర్చుతారన్న సంగతి.