ఎవరి కట్ట వారి చేతికి

మా మేనల్లుడి ఆఫీసు వచ్చే వారం కొత్త భవనంలోకి మారుతోంది. "ఎవరూ చెయ్యి వెయ్యట్లేదు మామయ్యా" అని ఫోన్ చేశాడు. "ఏమని అడిగావురా?" అన్నాను. "అందరూ తలా ఓ చెయ్యి వెయ్యండి అన్నాను." ఒకప్పుడు నేనూ అదే మాట అన్నాను.

2016 దసరా నాడు, అక్టోబరు 11న, తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. అప్పుడు నేను ఒక జిల్లా ఆఫీసులో సూపరింటెండెంటుని. కొత్త జిల్లాకి పోయే మండలాల ఫైళ్లు ఏరి, కట్టలు కట్టి, లారీ ఎక్కించాలి. "అందరం కలిసి సర్దుదాం" అన్నాను. అందరూ తలలూపారు. సాయంత్రం రికార్డు రూములో చూస్తే ఇద్దరే ఉన్నారు: అటెండరు, కొత్తగా చేరిన జూనియర్ అసిస్టెంటు అమ్మాయి. ముక్కుకి చున్నీ కట్టుకుని, బీరువా అడుగు అరలోంచి కట్టలు లాగుతోంది. పురికొస ఒరుసుకుని ఆమె వేళ్లు కందిపోయాయి.

మిగతావాళ్లు పని దొంగలు కారు. ఎక్కడ మొదలుపెట్టాలో, ఎంత చేస్తే తమ వంతు తీరుతుందో వాళ్లకి నేను చెప్పలేదు. గట్టు లేని పొలంలో ఎవరు దిగుతారు?

ఆ రాత్రి అటెండరుతో కలిసి బీరువాలన్నీ చూశాను. తెల్లారేసరికి ఒక్కోదానికీ ఓ చీటీ అంటించాం: మండలం పేరు, మనిషి పేరు, ముగించాల్సిన వేళ. నడుం నొప్పి ఉన్న సీనియర్ అసిస్టెంటుకి మోత పని ఇవ్వలేదు. ఆర్.డిస్. రకం ఫైలు శాశ్వతంగా ఉంచాలి, డి.డిస్. రకం పదేళ్లు ఉంచాలి. ఆ లెక్క ఆయనకి కంఠతా వచ్చు. కుర్చీలో కూర్చుని ప్రతి కట్టనీ పరిశీలించే పని ఆయనది. అందరూ జంకిన అటక నేను తీసుకున్నాను. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు? మధ్యాహ్నానికి, తమ బీరువా ఖాళీ అయినవాళ్లు అడక్కుండానే పక్కవాళ్ల దగ్గరికి వెళ్లారు.

నెల తిరక్కుండానే కొత్త జిల్లా నుంచి ఫోను. ఓ రైతు పట్టా తాలూకు ఫైలు దొరకడం లేదట. ఆ అమ్మాయి ఫోను అందుకుని, "నేను కట్టిందే సార్, మూడో కట్టలో పైనే ఉంటుంది" అంది. ఉంది.

పనికి మనిషి పేరు పెట్టి చూడరా అని మేనల్లుడికి చెప్పాను. అటక మాత్రం నువ్వే ఎక్కు అన్నాను.